తాళము లేని అక్షరములు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరు కలదు. అచ్చటినుండి విజయవాడకు పోవు రాజమార్గము చైతన్యపురి, కొత్తపేటల మీదుగా లాల్ బహదూరు నగరమును చేరును. జనులు దానిని ఎల్.బి. నగరు అందురు. 2018వ సంవత్సరము సెప్టెంబరు నుండి ఈ మార్గముపై మెట్రో రైలు నడచుచున్నది. రైలు కిటికీనుండి చూచినచో ఇరుప్రక్కల మేడలకు గోడలు కానరావు, అన్నియు బోర్డులే. పోటీపరీక్షలకు శిక్షణ నిచ్చునవి కొన్ని, కంప్యూటరు విద్య నేర్పునవి కొన్ని, పల్లెలనుండి వచ్చిన విద్యార్థులకు వసతిగృహములు కొన్ని. వాని నడుమ ఇరుకు గదులలో జెరాక్సు దుకాణములును, డి.టి.పి. దుకాణములును ఉన్నవి. డి.టి.పి. యనగా కంప్యూటరుపై అక్షరములు కూర్చి, పుటలను అచ్చునకు సిద్ధము చేయు పని. నేను చెప్పబోవు విషయము అట్టి యొక చిన్న దుకాణమున మొదలైనది.

2003వ సంవత్సరమున నేను ఆ ప్రాంతపు పాఠశాల యొకదానిలో తెలుగు పండితుడనుగా నుంటిని. ఎనిమిదవ తరగతి పిల్లలకు వేసవి సెలవులలో ఒక పని యిచ్చితిని. ఇంటిలోని అవ్వలను, అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి, వారికి వచ్చిన పాటలను, పొడుపుకథలను వ్రాసికొని రావలెనని చెప్పితిని. నగరపు ఈ భాగమున నల్లగొండ, ఖమ్మము, పాలమూరు జిల్లాలవారును, కృష్ణా, గుంటూరు సీమలవారును కలిసి కాపురముందురు. అందువలన పిల్లలు తెచ్చిన నోటుపుస్తకములలో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, విసురురాతి పాటలు, జోలపాటలు ఒకదాని ప్రక్క నొకటి చేరినవి. అన్నిటిని కలిపి చిన్న పుస్తకముగా మూడువందల ప్రతులు వేయించితిమి. అక్షరములు కూర్చిన యువకుడు ఒక సి.డి. నా చేతికిచ్చి, "సార్, పుస్తకమంతా ఇందులో భద్రముగా ఉన్నది. ఎప్పుడు కావలెనన్నా మళ్ళీ అచ్చు వేయించుకొనవచ్చును" అని చెప్పెను. దానిని బీరువాలో, ఇంటి దస్తావేజుల ప్రక్కన దాచితిని.

పదునారు సంవత్సరములు గడచినవి. ఆనాటి పిల్లలలో కొందరు తామే తల్లిదండ్రులై, ఆ పుస్తకమును మరల అచ్చు వేయింపుడని కోరిరి. నా వద్ద మిగిలిన ఒక్క ప్రతికి చెదలు పట్టి సగము పుటలు పోయియుండెను. పిల్లల నోటుపుస్తకములు ఏనాడో పాతకాగితములలో కలిసిపోయినవి. సి.డి. ఉన్నది గదా యని ధైర్యముతో నేను వేరొక దుకాణమునకు పోతిని. తెరపై కనబడినది చూచి నిర్ఘాంతపోతిని. ఇంగ్లీషు అక్షరములు, వాని తలలపై చుక్కలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకములు. పుటలకు పుటలు అదే తీరు. ఒక్క తెలుగక్షరమైనను లేదు. ఆనాడు వాడిన అక్షరముల ప్రోగ్రాము ఉన్నచో చదువవచ్చునట. కాని దానిని అమ్మిన సంస్థ ఆ పాత కూర్పును మానివేసి చాలకాలమైనది. అది నడచుటకు కంప్యూటరునకు తగిలింపవలసిన తాళమువంటి చిన్న పరికరము ఒకటి యుండెడిది. దానితో పాటు పాత దుకాణమును మూతపడెను. పాడిన అవ్వలలో పెక్కుమంది అప్పటికి లేరు.

పుస్తకము చెడిపోలేదు, సి.డి. కూడ చెడిపోలేదు. మరి అక్షరములు ఎచ్చటికి పోయినవి?

కంప్యూటరునకు అక్షరము తెలియదు. దానికి తెలిసినది సంఖ్య యొక్కటే. మనము 'క' అని కొట్టినప్పుడు అది ఒక సంఖ్యను దాచుకొనును. చూపవలసి వచ్చినప్పుడు ఆ సంఖ్యకు ఎదురుగా ఏ బొమ్మ గలదో వెదకి తెరపై వేయును. ఈ బొమ్మల పెట్టెనే ఫాంటు అందురు. ఏ సంఖ్యకు ఏ అక్షరము అన్న ఒడంబడిక అందరికి ఒకటే యైనచో చిక్కు లేదు. ఆ కాలమున మన అచ్చుపనిలో అట్టి ఒడంబడిక లేకుండెను. ఫాంటులో 256 స్థానములు మాత్రమే ఉండెడివి. తెలుగులో గుణింతములు, వత్తులు కలిపినచో రూపములు వేలకు మించును. కావున సంస్థలవారు అక్షరములను ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఇంకొకచోట ఇంగ్లీషు అక్షరముల స్థానములలో ఇరికించిరి. ఈ ఇరికించుటలో నిజమైన నేర్పు గలదు. దానిని నేను తక్కువ చేయను. కాని ఒక సంస్థ ముక్కలు పేర్చిన వరుస వేరొక సంస్థకు పనికిరాదు. ఎవరి వరుస వారిది, ఎవరి తాళము వారిది. ఒక దినపత్రిక అంతర్జాల పుటను చదువుటకు ఒక ఫాంటు, ఇంకొక పత్రికకు ఇంకొక ఫాంటు దించుకొనవలసిన దినములను మీ తల్లిదండ్రులు ఎరుగుదురు.

నిజమునకు మంచి ఒడంబడిక యొకటి అప్పటికే పుట్టియుండెను. ప్రపంచములోని లిపులన్నిటికి ఒకే సంఖ్యల పట్టిక వేయవలెనని ఏర్పడిన యూనికోడులో, 1991లో వెలువడిన తొలి కూర్పునందే తెలుగునకు చోటు లభించెను. 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానములు మన లిపివి. అందు 'అ' 3077, 'క' 3093. ముక్కలతో దీనికి పని లేదు; అక్షరమునకే సంఖ్య. ఈ పట్టిక ఏ యొక్క సంస్థ సొత్తును కాదు. అయినను అచ్చుపనికి వాడు ప్రోగ్రాములు పెక్కు సంవత్సరములు దీనిని అంగీకరింపలేదు. మా పుస్తకము ఆ నడిమికాలమున చిక్కినది.

ఇచ్చట ఒక ప్రశ్న కలుగును. ఆ పాత ప్రోగ్రాము ఎట్లు పనిచేయునో విప్పి చూచి, మా పాటలను మేమే బయటకు తీసికొనరాదా? కుదరదు. ఎందువలన కుదరదో తెలియుటకు ఆవకాయ జాడీని తలచుకొనుడు. పొరుగింటి ఆవకాయను మీరు తినగలరు, రుచి చెప్పగలరు. కాని ఆవపిండి ఎంత, కారమెంత, ఉప్పెంత, నూనె ఎంత అన్న పాళ్ళను కలిపిన జాడీనుండి మరల వేరుచేసి తూచలేరు. ప్రోగ్రాము వ్రాయువాడు మొదట మనుష్యులు చదువదగిన భాషలో దానిని వ్రాయును. దీనిని సోర్సు కోడు అందురు. ఇది పాళ్ళ చీటీవంటిది. పిదప దానిని యంత్రమునకు మాత్రమే తెలియు సంఖ్యలుగా మార్చుదురు; ఇది జాడీ. పెక్కు సంస్థలు జాడీని అమ్మును, చీటీని దాచును.

దాచుట తప్పా? తొందరపడి తీర్పు చెప్పరాదు. ప్రోగ్రాము వ్రాయుట శ్రమ. వ్రాసినవానికి జీతమీయవలెను, ఆ జీతము అమ్మకమునుండి రావలెను. 1976లో బిల్ గేట్సు అను యువకుడు, తాను మిత్రులతో కూడి వ్రాసిన ప్రోగ్రామును కంప్యూటరు ప్రియులు వెల యీయక నకలు చేసికొనుచున్నారని, ఇట్లైనచో మంచి ప్రోగ్రాములు వ్రాయువారెవరుందురని బహిరంగలేఖ వ్రాసెను. అందు న్యాయము లేదని నేను అనలేను. మామిడిపండు నొకనికి ఇచ్చినచో మన చేతిలో ఉండదు. ప్రోగ్రామును ఇచ్చినచో ఇచ్చినవాని వద్దను ఉండును, పుచ్చుకొన్నవాని వద్దను ఉండును. పంచుట తేలిక యైనకొలది చేసినవాని కూలి ప్రశ్న చిక్కుపడును. ఇట్టి బుద్ధిబలముతో చేసిన వస్తువులపై చట్టమిచ్చు హక్కును మేధోసంపత్తి యందురు. మన దేశమున 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్య చట్టమునకు 1984లో చేసిన సవరణ, కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్యకృతుల వరుసలో చేర్చినది. కావ్యమును, కంప్యూటరు ప్రోగ్రామును చట్టము ఒకే పీటపై కూర్చుండబెట్టుట భాషాపండితునకు కొంత నవ్వు తెప్పించును. కాని రెండును వ్రాతలే గదా! రచయిత బ్రదికినంత కాలమును, ఆపై అరువది సంవత్సరములును ఈ హక్కు నిలుచును. పేటెంటు వేరు, 2002 నాటి సవరణ ప్రకారము, కేవలము ప్రోగ్రామునకు మన దేశమున పేటెంటు లభింపదు.

ఇక రెండవవైపు వినుడు. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. అను విద్యాసంస్థలో రిచర్డు స్టాల్‌మన్ అను ప్రోగ్రాము రచయిత యుండెను. అచ్చటి అచ్చుయంత్రము వేరొక అంతస్తులో ఉండెడిది. కాగితము ఇరుకుకొని ఆగిపోయినను ఎవరికి తెలియకుండెడిది. పాత యంత్రపు సోర్సు కోడు అందుబాటులో ఉండుటచేత, అది ఆగినప్పుడు ఎదురుచూచువారికి వార్త పంపునట్లు ఆయన దానిని మార్చెను. పిదప జెరాక్సు సంస్థనుండి క్రొత్త యంత్రము వచ్చెను. మన వీధులలోని దుకాణములకు పేరిచ్చిన సంస్థయే అది. దానికి సోర్సు కోడు ఇయ్యలేదు. ఆ కోడు కలిగియున్న వేరొక విశ్వవిద్యాలయపు మనుజుని అడుగగా, ఎవరికి చూపనని మాట యిచ్చితిని, ఈయలేనని చెప్పెను. ఒక చిన్న కాగితపు చిక్కు. కాని తన గదిలోని యంత్రమును తాను బాగుచేసికొనలేకపోవుట స్టాల్‌మన్‌కు మనసున నాటుకొనెను. 1983లో ఆయన గ్నూ అను పని ప్రకటించెను. 1985లో ఫ్రీ సాఫ్టువేరు ఫౌండేషన్ స్థాపించెను. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అను అనుమతి పత్రము వెలువరించెను.

ఆ పత్రము చెప్పునది యిది. ఈ ప్రోగ్రామును ఎవరైనను, ఏ పనికైనను వాడవచ్చును. ఎట్లు పనిచేయునో చదివి, తమకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. నకలు చేసి పంచవచ్చును. మార్చినదానిని కూడ పంచవచ్చును. కాని పంచునప్పుడు సోర్సు కోడును, ఇవే హక్కులను పుచ్చుకొనువారికి తప్పక ఈయవలెను. ఇందలి చమత్కారమును గమనింపుడు. ఈ నిబంధనకు బలమిచ్చునది గ్రంథస్వామ్య చట్టమే. హక్కు తనది గనుకనే రచయిత ఇట్టి షరతు పెట్టగలిగెను. తలుపు మూయుటకు చేసిన తాళముతోనే తలుపును తెరచి నిలిపినట్లైనది.

1991లో హెల్సింకి నగరపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు లినక్సు అను దానిని వ్రాసి, మరుసటి సంవత్సరమునుండి ఈ లైసెన్సుతోనే పంచెను. నేడు మీ యింటిలోని ఆండ్రాయిడు ఫోనులకు పునాది ఆ లినక్సే. 1998 నుండి ఇట్టి ప్రోగ్రాములకు ఓపెన్ సోర్సు అను పేరు కూడ వ్యాపించెను. పెద్ద సంస్థల మాట వినోదకరముగా నుండును. 2001లో మైక్రోసాఫ్టు అధిపతి స్టీవ్ బామర్ లినక్సును ఒక మహారోగముతో పోల్చి నిందించెను. 2014లో ఆ పదవికి వచ్చిన సత్య నాదెళ్ల, బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివినవాడు, తమ సంస్థకు లినక్సు ప్రియమని ప్రకటించెను. 2018లో, ఓపెన్ సోర్సు రచయితలు తమ పనిని దాచుకొను గిట్‌హబ్ అను సంస్థనే ఆ కంపెనీ కొనివేసెను. ప్రియమెంత, లాభమెంత అని అడుగుటకు పాఠకులకు స్వాతంత్ర్యము కలదు.

ఇంగ్లీషున వెల లేనిదానికిని, బంధము లేనిదానికిని 'ఫ్రీ' అను ఒకే మాట. మనకా యిబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. స్వేచ్ఛా సాఫ్టువేరును ఎవరైనను వెలకు అమ్ముకొనవచ్చును. లైసెన్సు దానిని నిషేధింపదు. ఇక వెల యిచ్చి కొనవలసిన ప్రోగ్రామును దొంగతనముగా నకలు చేసి వాడుట ఉచితమే గాని స్వేచ్ఛ కాదు. ఒకానొక కాలమున ముప్పది రూపాయలకు అట్టి సి.డి.లు నగరమున దొరకెడివి. ఎంత పెద్ద సంస్థ సొత్తైనను, అది దొంగిలించిన సొత్తే. అదిగాక, దొంగిలించిన జాడీలో మాత్రము పాళ్ళ చీటీ ఉండునా?

ఆ సమయముననే, మన భాషకై కొందరు వేరొక త్రోవ తొక్కిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 అను యూనికోడు ఫాంటులను చేసి, స్వేచ్ఛా లైసెన్సుతో లోకమునకిచ్చిరి. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసిరి. పలువిధములైన పాత ఫాంటుల వ్రాతను యూనికోడులోనికి మార్చు పద్మ అను సాధనమును వ్రాసిరి. వీవెన్ అనువారు 2006లో, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు లేఖినిని ఆ పద్మను ఆధారముగా చేసికొనియే నిర్మించిరి. అడుగవలసిన పని లేకుండ ఒకరి గోడపై మరియొకరు మేడ కట్టుట యన నిదియే. హైదరాబాదులో 2005లో ఏర్పడిన స్వేచ్ఛ అను సంస్థ ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులను కూర్చుకొని, కంప్యూటరు మాటలను తెలుగులోనికి తెచ్చు పనికి పూనుకొనెను. సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన ఫాంటులకు గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, మల్లన్న మొదలగు పేర్లు కలవు. అవియు ఎవరైనను వాడుకొనదగినవే.

అయినను ఇది పూలబాట యని చెప్పుట నిజము కాదు. ఇచ్చువారు అలసిపోవుదురు. 2014లో ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను స్వేచ్ఛా ప్రోగ్రాములో పెద్ద లోపము బయటపడెను. లోకములోని అసంఖ్యాకములైన అంతర్జాల స్థలములు తమ రహస్యముల రక్షణకు దానినే నమ్ముకొని యుండెను; దానిని కాచుచున్నవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. కోట్లు గడించు కంపెనీలు దానిని వాడుకొనిరే గాని, కాపలాకు కూలి యిచ్చినవారు అరుదు. ఊరుమ్మడి బావినుండి నీరు తోడుకొను చేతులు వేయి, పూడిక తీయు చేతులు రెండు.

మా పుస్తకము సంగతి చెప్పి ముగించెదను. 2003 నాటి శిష్యుడొకడు ఎల్.బి. నగరులో కంప్యూటరు పని చేయుచున్నాడు. సి.డి.ని తీసికొనిపోయి, స్వేచ్ఛా లైసెన్సుతో లభించు మార్పిడి సాధనముతో ప్రయత్నించెను. ఒక సాయంకాలము నన్ను పిలిచి తెర చూపెను. పాటలు వచ్చినవి! కాని 'చంద్రుడు' అను మాట వచ్చిన ప్రతిచోట క్రారవడి 'ద' క్రింద నుండక ముందున్న సున్నకు తగులుకొని వ్రేలాడుచుండెను. జోలపాటలలో చంద్రుడు లేనివి ఎన్ని గలవు? కారణము కనుగొనుటకు వానికి రెండు దినములు పట్టెను. పాత ఫాంటులో క్రారవడి ముక్కను అక్షరమునకు ముందే కొట్టెడివారు. యూనికోడులో వరుస వేరు: మొదట 'ద' 3110, పిదప పొల్లు 3149, ఆ పిదప 'ర' 3120. ఆ ఫాంటు విషయమున ఈ తారుమారును సాధనము గమనింపలేదు. సోర్సు కోడు ఎదుటనే ఉన్నది గనుక, మావాడు రెండు వరుసలు దిద్దెను. చంద్రుడు కుదుటపడెను. దిద్దినదానిని ఇతరులకు పనికివచ్చునట్లు మరల లోకమునకు అందించెను. అట్టి సి.డి.లు ఇంకెన్ని బీరువాలలో ఉన్నవో!

రెండవ ముద్రణకు ముందు మరియొక చర్చ వచ్చినది. ఈ పుస్తకముపై హక్కు ఎవరిది? పాటలకు కర్త తెలియదు. పాడినవారు అవ్వలు, వ్రాసినవారు పిల్లలు, కూర్చినవాడను నేను. నా పేర హక్కు వేయింపుమని అచ్చు వేయువాడు చెప్పెను. నాకు సిగ్గు తోచినది. తుదకు క్రియేటివ్ కామన్స్ అను స్వేచ్ఛా అనుమతిని మొదటి పుటలో వేసితిమి: ఎవరైనను అచ్చు వేయవచ్చును, అమ్ముకొనవచ్చును, పాటలు చేర్చవచ్చును, కాని పాడిన అవ్వల పేర్లను, వ్రాసిన పిల్లల పేర్లను తీసివేయరాదు, ఇదే అనుమతిని ముందువారికి కూడ ఈయవలెను. అయిదువందల ప్రతులు వేసితిమి.

గత సంవత్సరము సూర్యాపేటనుండి నాకొక పొట్లము వచ్చినది. ఎవరో మేమెరుగనివారు మూడవ ముద్రణము వేసి, తమ యూరి నాట్ల పాటలు పదునొకండు చేర్చిరి. పేర్ల పుట తీసి, వ్రేలు పెట్టి ఒక్కొక్కటిగా చూచితిని. అన్నియు సరిగా నున్నవి. వెల మాత్రము మాకంటె ఇరువది రూపాయలు హెచ్చు.